కర్నూలులో హెచ్‌1 మందుల లెక్కకి పైలట్: ఏ పద్దులో డబ్బు అడగాలి?

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

అన్నలకు, అక్కలకు నమస్తే. మత్తు కోసం వాడుకుంటున్న డాక్టరు చీటీ మందుల (హెచ్‌1 జాబితావి) మీద కర్నూలు టౌన్లో ఒక పైలట్ నడపాలని ప్రతిపాదన రాస్తున్నాం. కలెక్టర్ గారి అధ్యక్షతన జరిగే జిల్లా ఎన్‌కార్డ్ (మత్తుమందుల నియంత్రణ సమన్వయ కమిటీ) మీటింగులో పెట్టాలి. రెండు పేజీల నోటు, ఒక పేజీ అంచనా.

అనుకున్నది ఇదీ. టౌన్లో 120 మెడికల్ షాపులు, వాటికి సరుకిచ్చే స్టాకిస్టులు. మందులు ఏడే: ట్రమడాల్, ఆల్‌ప్రజోలామ్, డయాజిపామ్, నైట్రాజిపామ్, జోల్పిడెమ్, పెంటజోసిన్, కోడీన్ సిరప్పులు. షాపులో అమ్మిన వెంటనే యాప్‌లో పడాలి. ఒకే మనిషి ఒకే వారంలో నాలుగు షాపులు తిరిగితే తెలియాలి. యాప్ చేసిస్తామని ఒక కంపెనీ 18 లక్షలకి కొటేషన్ ఇచ్చింది, ఏటా మెయింటెనెన్స్ వేరే.

ఆగిపోయింది డబ్బు దగ్గర. ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం కింద జాతీయ నిధి ఉంది కదా అని ఒకరు, నషాముక్త్ భారత్ (మత్తు మాన్పించే కేంద్ర కార్యక్రమం) డబ్బు వాడండి అని ఒకరు, సిమెంటు ఫ్యాక్టరీల సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత డబ్బు) అడగండి అని ఇంకొకరు. అమెరికాలో వీటికి కేంద్రమే గ్రాంటు ఇస్తుందట. మనకి ఏది పనికొస్తుంది? షాపుల దగ్గర నెలకింత అని వసూలు పెట్టొచ్చా? అంచనాలో నేను వదిలేస్తున్నది ఏమిటి?


పెన్నేటి గట్టు (అనంతపురం)

డబ్బు సంగతి తర్వాత. ముందు ఆ కొటేషన్ వెనక్కి పంపండి.

మీరు రాసిన ఏడు మందులూ హెచ్‌1 షెడ్యూల్లో ఉన్నవే. ఆ షెడ్యూలు 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉంది, మొదట్లో 46 మందులు. ఔషధాల రూల్సులో 65వ రూలు ప్రకారం షాపువాడు అమ్మేటప్పుడే వేరే రిజిస్టర్లో రాయాల్సినవి: చీటీ రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఇచ్చిన పరిమాణం. ఆ రిజిస్టరు మూడేళ్ళు దాచాలి, ఇన్‌స్పెక్టర్ అడిగితే చూపాలి. అంతవరకే. రోగి చిరునామా లేదు, ఫోన్ నంబరు లేదు, ఆధార్ మాటే లేదు. "ఒకే మనిషి నాలుగు షాపులు" అని పట్టుకోవాలంటే ఆ మనిషికి ఒక గుర్తు కావాలి. ఆ గుర్తు అడిగే అధికారం ఈ రూలు ఇవ్వదు. రిజిస్టర్లో "మద్దిలేటి" అని మాత్రమే ఉంటే, కర్నూల్లో ఉన్న మద్దిలేటిలందరూ మీ యాప్‌కి ఒకడే. 18 లక్షలు పోసినా అంతే.

చేతిలో ఉన్న అధికారం వేరే చోట ఉంది. ఔషధాల చట్టం 18-బి సెక్షన్ ప్రకారం లైసెన్సు ఉన్న ప్రతివాడూ రికార్డులు ఉంచాలి, అధికారి అడిగిన సమాచారం ఇవ్వాలి. రికార్డులు తెప్పించుకునే అధికారం 22వ సెక్షన్ కింద ఇన్‌స్పెక్టర్‌కి ఎటూ ఉంది. కాబట్టి 120 షాపుల వెనక పడే ముందు స్టాకిస్టుల దగ్గర మొదలు పెట్టండి. వాళ్ళు తక్కువమంది, ప్రతి అమ్మకానికీ ఇన్‌వాయిస్ ఉంటుంది, అందులో బ్యాచ్ నంబరు ఉంటుంది. నెలకోసారి ఏడు మందులకీ ఒక స్టేట్‌మెంట్ తెప్పించుకోండి: పార్టీ పేరు, లైసెన్సు నంబరు, తేదీ, బ్యాచ్, ఎన్ని స్ట్రిప్పులు. దాన్ని షాపు హెచ్‌1 రిజిస్టరు పక్కన పెట్టండి.

లెక్క ఎలా ఉంటుందంటే: ఒక షాపు నెల మొదట్లో ట్రమడాల్ 50 మి.గ్రా. క్యాప్సూల్స్ 150 నిల్వ ఉన్నాయనుకోండి. స్టాకిస్టు ఇన్‌వాయిస్‌ల ప్రకారం 1,000 వచ్చాయి. రిజిస్టర్లో చీటీల మీద అమ్మింది 340. వెనక్కి పంపింది 0. అంటే నెలాఖరుకి షెల్ఫులో 810 ఉండాలి. లెక్కపెడితే 200 ఉన్నాయి. మిగతా 610 ఎక్కడ? ఈ ఒక్క ప్రశ్న అడగడానికి రోగి పేరుతో పనే లేదు. ట్రమడాల్ 2018 ఏప్రిల్ 26న ఎన్‌డీపీఎస్ చట్టంలోకి కూడా వచ్చింది. అక్కడ స్వల్ప పరిమాణం 5 గ్రాములు, వాణిజ్య పరిమాణం 250 గ్రాములు. ఒట్టి మందు బరువే లెక్కేసినా 50 మి.గ్రా. క్యాప్సూల్స్ 100 అయితే 5 గ్రాములు. లైసెన్సు, బిల్లు, రిజిస్టరు మూడూ సరిపోయినంతవరకు షాపువాడికి భయం లేదు. సరిపోకపోతే అది రికార్డు రాయని తప్పుతో ఆగకపోవచ్చు.

ఈ లెక్క తప్పే చోట్లు మూడు. ఒకటి ఎక్స్‌పైరీ రిటర్న్. తక్కువైన సరుకంతా "వెనక్కి పంపాం" అంటారు, స్టాకిస్టు క్రెడిట్ నోట్ చూపమంటే ఉండదు. క్రెడిట్ నోట్ నంబరు లేని రిటర్న్‌ని లెక్కలోకి తీసుకోవద్దు. రెండు, డాక్టరు పేరు మీద బిల్లు. తన రోగులకు తానే మందు ఇచ్చే డాక్టరుకి ఔషధాల రూల్సులోని షెడ్యూల్ కె కింద షరతులతో మినహాయింపు ఉంది, అమ్మకం లైసెన్సు అక్కర్లేదు. దాన్ని అడ్డం పెట్టుకుని సరుకు నర్సింగ్‌హోమ్ పేరు మీద దిగుతుంది, ఆ డాక్టరు గారికి ఆ సంగతే తెలియకపోవచ్చు. స్టాకిస్టు స్టేట్‌మెంట్లో లైసెన్సు నంబరు కాలం ఖాళీగా ఉన్న వరసలన్నీ విడిగా తీసి, ఆ డాక్టర్లకి ఒక ఉత్తరం రాస్తే సగం తేలిపోతుంది. మూడు, పొరుగు రాష్ట్రం సరుకు. మా అనంతపురానికి బళ్ళారి, మీకు హైదరాబాద్, రాయచూరు. అక్కడి స్టాకిస్టు మీ జిల్లా స్టేట్‌మెంట్లోకి రాడు. షాపువాడి జీఎస్టీఆర్-2బి (జీఎస్టీలో కొనుగోళ్ళ పట్టిక) తీస్తే బయటి రాష్ట్రం ఇన్‌వాయిస్‌లు కనబడతాయి, అందులో మందు పేరు ఉండదు గానీ ఇన్‌వాయిస్ నంబరు ఉంటుంది. ఆ నంబరు పెట్టి అసలు బిల్లు అడగండి. జీఎస్టీ కాంపోజిషన్ పథకం కింద ఉన్న చిన్న షాపు అయితే జీఎస్టీఆర్-4ఏ చూడాలి.

రిజిస్టరు నిజమా కాదా అన్నది పేజీ చూస్తేనే తెలుస్తుంది. అమ్మినప్పుడల్లా రాసిన పేజీలో పెన్నులు మారతాయి, చేతిరాతలు మారతాయి, ఒకటి రెండు కొట్టివేతలుంటాయి. ఆదివారం సాయంత్రం కూర్చుని వారానిదంతా రాసిన పేజీ పెళ్ళి పత్రికలా ఉంటుంది: ఒకే ఇంకు, ఒకే వాలు, అన్ని వరసల్లోనూ 10 లేదా 15. బ్యాచ్ కాలం ఉంచుకున్న షాపయితే ఇంకా సులువు. 4వ తేదీన అమ్మినట్టు రాసిన బ్యాచ్, స్టాకిస్టు దగ్గరనుంచి 9వ తేదీన దిగి ఉంటుంది.


గుంతకల్ జంక్షన్ (అనంతపురం జిల్లా)

పెద్దాయన చెప్పిందే కరెక్టు. షాపు కౌంటర్ వైపు నుంచి నాలుగు మాటలు నేను చెప్తా.

రాత్రి 7 నుంచి 9 దాకా కౌంటర్ కాడ జనం ఉంటారు. అప్పుడు బిల్లింగ్‌లో ఒకసారి, మీ యాప్‌లో ఇంకోసారి కొట్టమంటే ఎవరూ కొట్టరు. మొదటి వారం కొడతారు, రెండో వారం రాత్రి షట్టర్ దించినాక కొడతారు, మూడో వారం నుంచి మీకు ఫోన్లే. ఇప్పుడు వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు చాలావాటిలో హెచ్‌1 రిపోర్టు ఉండాది. దాన్ని ఎక్సెల్‌గా తీసి వారానికోసారి పంపితే చాలు. యాప్ వద్దప్పా, ఫైలు అందుకునే పేజీ ఒకటి చాలు.

కానీ ఆ రిపోర్టు నమ్మేముందు చూడాల్సింది ఐటమ్ మాస్టర్, అంటే సాఫ్ట్‌వేర్లో ఉండే మందుల పట్టిక. ప్రతి మందుకీ షెడ్యూలు గుర్తు పెట్టి ఉంటేనే అది రిపోర్టులోకి వస్తాది. ఒట్టి ఆల్‌ప్రజోలామ్‌కి పెట్టి ఉంటారు, కాంబినేషన్లకి మర్చిపోతారు. ట్రమడాల్‌తో పారాసిటమాల్ కలిసినది కూడా హెచ్‌1 కిందికే వస్తాది, మాస్టర్లో మాత్రం మామూలు నొప్పి మాత్రగా కూర్చోని ఉంటాది. ఒకే మందు ఇరవై ముప్పై బ్రాండ్లలో ఉంటే ఇరవై ముప్పై స్పెల్లింగులు. అవన్నీ ఒక మూలమందు కిందికి కట్టే పట్టిక ఎవరో ఒకరు కూర్చోని చెయ్యాల. పైలట్‌లో అసలు పని అదే. ఫార్మసీ చదివిన మనిషి కావాల, డేటా ఎంట్రీ పిల్లోడితో అయ్యేది కాదు.

రెండోది యూనిట్లు. స్టాకిస్టు స్ట్రిప్పుల్లో రాస్తాడు, షాపు మాత్రల్లో అమ్ముతాది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో నాలుగు మాత్రలు అమ్మితే 0.4 అని పడతాది, కొన్నిట్లో 4 అని. స్ట్రిప్పుకి 10 ఉన్నవీ ఉంటాయి, 15 ఉన్నవీ ఉంటాయి. ఇది సరిచెయ్యకుండా కూడితే ఏ తప్పూ చెయ్యని షాపుకి 400 మాత్రల తేడా చూపిస్తాది, నిజంగా అమ్ముకునేవాడు శుభ్రంగా కనపడతాడు. మొదటి నెల వచ్చే తేడాల్లో జాస్తి భాగం ఇట్లాంటివే. అందుకని మొదటి నెల ఎవరికీ నోటీసు ఇయ్యొద్దు.

మూడోది డాక్టర్ల మాస్టర్. "సెల్ఫ్", "జీజీహెచ్" (ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి), "లోకల్ డాక్టర్" అని మూడు పేర్లతోనే సంవత్సరం గడిపేసే షాపులుంటాయి. రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా బిల్లు సేవ్ కాకుండా లాక్ పెట్టే సెట్టింగు చూడమని మీ సాఫ్ట్‌వేర్ డీలర్‌ని అడగండి. దానికి 18 లక్షలు కాదు, ఒక టీ ఖర్చు.

క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే అయిపోతాది కదా అని మీటింగుల్లో ఎవరో ఒకరు లేస్తారు. 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్లకే అది తప్పనిసరి. ఆ కోడ్‌లో బ్యాచ్ వరకే ఉంటాది, స్ట్రిప్పుకో నంబరు ఉండదు. ఏ స్ట్రిప్పు ఏ షాపుకి పోయిందో అది చెప్పదు. అట్లనే జీఎస్టీ ఈ-ఇన్‌వాయిస్ నుంచి మందులు ఏరుకుందామన్నా, సరుకు కోడ్ హెచ్‌ఎస్‌ఎన్ 3004 కింద ట్రమడాలూ ఒకటే, పారాసిటమాలూ ఒకటే. పేరు చదువుకోవాల్సిందే.

రిజిస్టర్ కంప్యూటర్లో ఉంచే షాపులకి ఒక మాట: రోజూ ప్రింటు తీసి, పేజీ నంబరేసి, ఫార్మసిస్టు సంతకం పెట్టి నెలకోసారి బైండు చేయించండి. ఇన్‌స్పెక్షన్లో వాదన ఉండదు.


ఖజానా లెక్క (కడప)

ఇప్పుడు డబ్బు. మీ ప్రశ్నలోనే ఒక చిక్కుంది. "పైలట్‌కి 18 లక్షలు" అని ఒకే ముద్దగా అడిగితే ఏ పద్దూ ఒప్పుకోదు. ఎందుకంటే అందులో నిఘా ఉంది, వైద్యం ఉంది, శిక్షణ ఉంది, జీతాలున్నాయి. ప్రతి పద్దుకీ దాని పరిధి ఉంటుంది. ముక్కలు చేసి ఏ ముక్క ఎక్కడ అడగాలో చూసుకోవాలి.

జాతీయ నిధి: ఎన్‌డీపీఎస్ చట్టం 7-ఎ సెక్షన్ కింద ఉన్న మాదకద్రవ్యాల దుర్వినియోగ నియంత్రణ నిధి. కేంద్రం ఇచ్చేది, జప్తు ఆస్తులు అమ్మగా వచ్చేది, దాతలిచ్చేది అందులో పడతాయి. అక్రమ రవాణా అరికట్టడం, దుర్వినియోగం అదుపు చేయడం, బాధితుల్ని గుర్తించి చికిత్స ఇవ్వడం, ప్రచారం, ఇవన్నీ దాని ప్రయోజనాల్లో ఉన్నాయి కాబట్టి కాగితం మీద మీ పని సరిపోతుంది. కానీ అది ఢిల్లీ నిధి. ఒక టౌన్లో 120 షాపుల పైలట్‌ని రాష్ట్ర శాఖ తన పేరుతో మోసుకుపోవాలి. పైలట్ నడిచి ఆరు నెలల లెక్క చేతిలో ఉన్నాక రాష్ట్రస్థాయి ప్రతిపాదనకి ఇది మంచి తలుపు. ఇప్పుడు తడితే ఏడాది పోతుంది.

నషాముక్త్ భారత్ డబ్బు వచ్చేది సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ జాతీయ కార్యాచరణ ప్రణాళిక నుంచి. అది గిరాకీ తగ్గించే వైపు డబ్బు: అవగాహన, కౌన్సెలింగ్, డీఅడిక్షన్ కేంద్రాలు, ప్రభుత్వాసుపత్రుల్లో చికిత్సా సదుపాయాలు. దాంతో స్టాకిస్టు స్టేట్‌మెంట్ల పని చేయిస్తే ఆడిట్ అభ్యంతరం ఖాయం. కానీ మీ పైలట్‌లో తేలిన బాధితుణ్ణి ఆసుపత్రికి చేర్చే ముక్క పూర్తిగా దీని పరిధిలోదే. ఆ ముక్క ఇక్కడ అడగండి. స్వచ్ఛంద సంస్థ ద్వారా అయితే దరఖాస్తు ఈ-అనుదాన్ పోర్టల్లో.

ఔషధ నియంత్రణ వ్యవస్థల బలోపేతానికి 2015లో కేంద్రం 1,750 కోట్ల పథకం ఒప్పుకుంది. అందులో రాష్ట్రాలకు 850 కోట్లు, మనలాంటి రాష్ట్రాలకు వాటా 60:40. అది ప్రధానంగా ల్యాబులకి, పరికరాలకి, సిబ్బందికి. జిల్లా నుంచి నేరుగా అడిగేది కాదు. అయినా మీ నోటులో "డ్రగ్ ఇన్‌స్పెక్టర్ కార్యాలయానికి డేటా సహాయకుడు కావాలి" అని ఒక వాక్యం రాసి డైరెక్టరేట్‌కి పంపితే, వాళ్ళ తర్వాతి ప్రణాళికలో చేరడానికి పనికొస్తుంది.

జిల్లా ఖనిజ నిధి గురించి మీరు అడగలేదు. నిజానికి జిల్లా స్థాయిలో అందుబాటులో ఉన్నది అదే. 2015 జనవరి 12కి ముందు లీజులున్నవాళ్ళు రాయల్టీలో 30 శాతం, వేలంలో తీసుకున్నవాళ్ళు 10 శాతం దానికి కడతారు. ఆరోగ్యం అధిక ప్రాధాన్య రంగం. 2024లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం అధిక ప్రాధాన్య రంగాలకు కనీసం 70 శాతం వెచ్చించాలి. చిక్కల్లా, ఆ డబ్బు గనుల ప్రభావిత ప్రాంతాల్లో ఖర్చు కావాలి. కర్నూలు టౌన్ అందులోకి రావడం కష్టం. పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లా చీలాక బనగానపల్లె, కొలిమిగుండ్ల, బేతంచెర్ల నంద్యాల వైపు పోయాయి, సున్నపురాయిలో పెద్ద భాగం అటే. జొన్నగిరి బంగారం మీకు మిగిలింది, సంతోషం. ఇదే పైలట్ తాడిపత్రిలోనో, మా ఎర్రగుంట్ల, కమలాపురం వైపో అయితే ఈ నిధి వెంటనే అడగొచ్చు. నంద్యాల వాళ్ళతో కలిపి రెండు జిల్లాల పైలట్ చేస్తే వాళ్ళ ముక్కకి వాళ్ళ నిధి వస్తుంది.

సీఎస్ఆర్: నెట్‌వర్త్ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, ఈ మూడింటిలో ఏదైనా దాటిన కంపెనీ మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం పెట్టాలి. కంపెనీల చట్టం షెడ్యూల్ 7 మొదటి అంశంలో నివారణ ఆరోగ్యం ఉంది, దాని కింద అడగండి. డబ్బు తీసుకునేది ఎవరో ముందు తేల్చుకోండి. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలు సంస్థకి సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ నంబరు తప్పనిసరి. అది లేకుండా ఎంత మంచి ప్రతిపాదనైనా కంపెనీ చెక్కు రాయదు. ఆసుపత్రి అభివృద్ధి సొసైటీకి ఆ నంబరు ఉందేమో కనుక్కోండి. కొన్న ల్యాప్‌టాప్‌లు ఎవరి పేరు మీద ఉండాలో కూడా నిబంధనల్లో ఉంది, ప్రభుత్వ అధికార సంస్థ పేరు మీద ఉండొచ్చు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. మందుల కంపెనీ నుంచి గానీ, స్టాకిస్టుల సంఘం నుంచి గానీ ఒక్క రూపాయి తీసుకోవద్దు. ఎవరి మీద లెక్క చూస్తున్నామో వాళ్ళ డబ్బుతో చూడకూడదు.

షాపుల దగ్గర నెల వసూలు కుదరదు. లైసెన్సు ఫీజులు కేంద్రం చేసిన రూల్సులో ఉన్నాయి, జిల్లా కాదు కదా, రాష్ట్రం కూడా తనంతట తాను కలపలేదు. వచ్చిన ఫీజు కూడా శాఖకి కాదు, ఖజానాకి పోతుంది. "స్వచ్ఛందంగా" తీసుకుంటే దానికి ఊళ్ళో ఇంకో పేరు పెడతారు.

అమెరికా సంగతి చెప్పాలంటే, అక్కడ ఈ పని రాష్ట్రాలది. కేంద్ర న్యాయ శాఖ హెరాల్డ్ రోజర్స్ పేరుతో 2002 ఆర్థిక సంవత్సరం నుంచి గ్రాంట్లు ఇస్తోంది, వ్యవస్థ మొదలుపెట్టడానికి, మెరుగుపరచడానికి. కాలిఫోర్నియాలో చీటీల మీద ఇచ్చిన మత్తుమందుల రికార్డు 1939 నుంచీ ఉంది. రోజువారీ ఖర్చు కోసం 2014 నుంచి చీటీ రాసేవాళ్ళ, మందు ఇచ్చేవాళ్ళ లైసెన్సు మీద ఏడాదికి 6 డాలర్ల ఫీజు పెట్టారు. ఫ్లోరిడా 2009లో చట్టం చేస్తూ రాష్ట్ర ఖజానా డబ్బు వాడొద్దు, మందుల కంపెనీల డబ్బు అసలే వద్దు అంది. విరాళాల మీద, గ్రాంట్ల మీద నడపాల్సి రావడంతో డబ్బు వెతుక్కోవడమే ఒక పనైంది, 2011లో గానీ మొదలవలేదు. మిస్సోరి అందరికంటే చివర, 2021లో చట్టం చేసింది. మనకి కావలసింది ఇందులో కాలిఫోర్నియా ముక్క: గ్రాంటు యంత్రం కొనిపెడుతుంది, రోజూ నూనె పోసేది ఇంకెవరో ముందే తేలాలి.

ఇక మీ అంచనా. స్టాకిస్టు లెక్క పద్ధతిలో అయితే నేను ఇలా వేస్తాను. రేట్లు నా అంచనాలే, మీ ఊరి రేట్లు పెట్టుకోండి. ఫార్మసీ చదివిన డేటా మనిషి ఒకరు, నెలకు 30,000, ఏడాదికి 3.60 లక్షలు. షాపులు తిరిగే సహాయకులిద్దరు, ఒక్కొక్కరికి 18,000, ఏడాదికి 4.32. రెండు ల్యాప్‌టాప్‌లు 1.20. సెక్యూరిటీ ఆడిట్ 1.50. శిక్షణ 8 బ్యాచ్‌లు, బ్యాచ్‌కి 15,000, అంటే 1.20. బండి ఖర్చు నెలకు 10,000, ఏడాదికి 1.20. ప్రింటింగ్, ఎస్‌ఎంఎస్‌లు 0.60. మొత్తం 13.62 లక్షలు. ఇందులో ఒకసారి పెట్టేది 3.90, ఏటా పెట్టాల్సింది 9.72. అంటే పదిలో ఏడు పాళ్ళు మనుషులకీ తిరుగుడుకీ. మీ 18 లక్షల కొటేషన్‌లో ఈ పదిలో ఏడు పాళ్ళే లేవు. అందరూ వదిలేసేది అదే.

సెక్యూరిటీ ఆడిట్ ఎందుకంటే, ఫైలు అందుకునే ఆ చిన్న పేజీ కూడా ఎన్‌ఐసీ (ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ) సర్వర్ మీద పెట్టాలంటే సెర్ట్-ఇన్ (కేంద్ర సైబర్ భద్రతా సంస్థ) జాబితాలోని ఆడిటర్ సర్టిఫికెట్ కావాలి. సర్వర్‌కి డబ్బు అడగరు గానీ ఈ సర్టిఫికెట్ దగ్గర ఆరు వారాలు పోతాయి. ఎస్‌ఎంఎస్‌లకి టెలికాం వాళ్ళ డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ ముందే పెట్టుకోండి.

డబ్బు వచ్చాక జరిగే పొరపాటు కూడా తెలిసిందే. విడుదల ఫిబ్రవరిలో వస్తుంది. మార్చి 31 లోపు ఖర్చు చూపాలని ల్యాప్‌టాప్‌లు, కుర్చీలు, బోర్డులు కొనేస్తారు. మనిషి ఏప్రిల్‌లో గానీ చేరడు, అప్పటికి జీతానికి డబ్బుండదు. మొదటి విడతలో మనిషి నియామకం, రెండో విడతలో పరికరాలు అని ప్రతిపాదనలోనే రాయండి. సొసైటీ అయితే వినియోగ ధ్రువపత్రం జీఎఫ్‌ఆర్ (కేంద్ర ఆర్థిక నియమాలు) ఫారం 12-ఎ, ప్రభుత్వ శాఖే ఖర్చు చేస్తే 12-సి. బ్యాంకులో పడిన వడ్డీ మీది కాదు, తిరిగి కట్టాలి. ఔట్‌సోర్సింగ్ పోస్టుకి ఆర్థిక శాఖ అనుమతి లేకుండా నెల జీతం ఇచ్చారంటే రెండో నెల బిల్లు ఖజానాలో ఆగుతుంది.


హంద్రీ ఒడ్డు (కర్నూలు)

చాలా థ్యాంక్స్ అన్నా. యాప్ తీసేస్తున్నా. స్టాకిస్టు స్టేట్‌మెంట్, షాపు ఫైలు, ఒక డేటా మనిషి, ఇంతే. ఇంకో రెండు సందేహాలు. పోలీసులకి ఈ డేటా చూసే లాగిన్ ఇమ్మని అడుగుతున్నారు, ఇవ్వాలా? 2025 మార్చిలో ఈగల్ (రాష్ట్ర మత్తుమందుల నిరోధక పోలీసు విభాగం), ఔషధ నియంత్రణ వాళ్ళు కలిసి ఆపరేషన్ గరుడ పేరుతో రాష్ట్రమంతా మెడికల్ షాపుల్లో తనిఖీలు చేసినప్పటి నుంచి షాపువాళ్ళు బెదిరి ఉన్నారు. రెండోది, ఆసుపత్రి ముక్కకి ఏం రాయాలి?


దేవుని కడప (కడప)

రెండో సందేహానికి ముందు జవాబు. అది తెలిస్తే మొదటిదానికీ జవాబు దొరుకుతుంది.

ఆల్‌ప్రజోలామ్ నెలల తరబడి రోజూ వాడినవాళ్ళకి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో వారాల మీద, ఒక్కోసారి నెలల మీద తగ్గించాలి. ట్రమడాల్ ఎక్కువ మోతాదులో వాడుతుండగానే ఫిట్స్ తేవచ్చు, ఆపితే ఒళ్ళు నొప్పులు, విరేచనాలు, నిద్రలేమి. మీరు ఒక షాపుకి తాళం వేయించిన రోజున, ఆ షాపు మీద ఆధారపడినవాళ్ళు మూడో రోజుకల్లా జీజీహెచ్ క్యాజువాల్టీకి వస్తారు, లేదా పక్క ఊరికి పోతారు. కాబట్టి చర్య తీసుకునే ముందే మానసిక వైద్య విభాగానికి ఒక మాట చెప్పాలి. ఆసుపత్రి ముక్కలో రాయాల్సినవి ఇవే: రెఫరల్ స్లిప్, వారంలో రెండు రోజుల ఓపీ, డయాజిపామ్ లాంటి తగ్గింపు మందులు ఆసుపత్రి ఇండెంట్‌లో (మందుల ఆర్డరులో) ముందే ఉండటం, ఒక కౌన్సెలర్. ప్రతి షాపులో 14446, 1972 నంబర్లున్న బోర్డు. 14446 మత్తు మానాలనుకునేవాళ్ళకి, 1972 ఫిర్యాదులకి. రెండూ ఒకే బోర్డు మీద ఒకే సైజులో పెడితే చదివినవాడు మొదటిదానికీ ఫోన్ చేయడు. 14446 పెద్దగా, కౌంటర్ దగ్గర పెట్టండి.

పోలీసు లాగిన్ వద్దు. స్టాకిస్టు, షాపు లెక్కలో తేడా తేలితే ఇన్‌స్పెక్టర్ నివేదికగా ఇస్తారు, అది వాళ్ళ పని. రోగుల పేర్ల జాబితా మీద తెరిచిన కిటికీ వేరే విషయం. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ఉంది, అది పక్కన పెట్టినా, మానసిక వైద్యుడు రాసిన మందు కొన్నవాడి పేరు స్టేషన్‌కి పోతుందని తెలిసిన రోజునుంచి చీటీతో వచ్చేవాళ్ళు చీటీ లేకుండా కొనే చోటు వెతుక్కుంటారు. రోగి పేరు షాపులోనే ఉండనివ్వండి. మీకొచ్చే ఫైల్లో పేరు కాలం తీసేసి, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు, మందు, పరిమాణం, తేదీ, బ్యాచ్ ఉంచుకోండి. లెక్కకి అవి చాలు.

అమెరికాలో ఆరు నెలల్లో అయిదుగురు డాక్టర్లు, అయిదు షాపులు దాటితే దాన్నొక హెచ్చరికగా లెక్కిస్తారు. అది ప్రతి చీటీకీ రోగి గుర్తింపు ఉన్న చోట పనికొచ్చే కొలత. మీరు డాక్టరు వైపు నుంచి చూడండి: ఒక రిజిస్ట్రేషన్ నంబరు మీద నెలలో ఎన్ని ట్రమడాల్ చీటీలు? ఎక్కువ కనబడితే ముందు ఆ డాక్టర్నే అడగాలి. క్యాన్సర్, ఎముకల వైద్యులకి సంఖ్య సహజంగానే పెద్దగా ఉంటుంది. "ఆ నంబరు నాదే కానీ ఆ చీటీలు నావి కావు" అన్న జవాబు వచ్చిందంటే దారం దొరికినట్టే. టెలిమెడిసిన్ చీటీ మీద ట్రమడాల్ కనబడితే అక్కడే ఆగండి. 2020 మార్గదర్శకాల ప్రకారం ఎన్‌డీపీఎస్ జాబితా మందులు ఫోన్ మీద రాయకూడదు.

క్యాన్సర్ రోగుల మార్ఫిన్‌ని ఈ పైలట్‌లోకి లాగొద్దు. గుర్తింపు పొందిన వైద్య సంస్థలకి దాని రికార్డులు వేరే ఉన్నాయి. దొరకడమే కష్టమైన మందు అది.

ఇంకో మాట. ఈ లెక్క మాత్రలనే పట్టుకుంటుంది. పాలమూరు వైపు కల్తీ కల్లులో కలిసే ఆల్‌ప్రజోలామ్ పొడి మెడికల్ షాపు మీదుగా రాదు. మీ పైలట్ తర్వాత కూడా ఆ కేసులు వస్తే "వ్యవస్థ పనిచేయలేదు" అని మీటింగులో ఎవరైనా అనొచ్చు. నోటులో మొదటి పేజీలోనే పరిధి రాసేయండి.


ఖజానా లెక్క (కడప)

దేవుని కడప డాక్టరు గారు చెప్పిన దాన్నిబట్టి అంచనా మూడు షీట్లుగా విడగొట్టండి. ఒకటి లెక్కల పని: డేటా మనిషి, సహాయకులు, బండి, ఆడిట్, దీన్ని సీఎస్ఆర్‌లో ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ ద్వారా మూడేళ్ళ కొనసాగే ప్రాజెక్టుగా అడగండి, ఏటా మళ్ళీ అడుక్కునే పని తప్పుతుంది. రెండు ఆసుపత్రి ముక్క: కౌన్సెలర్, స్లిప్పులు, బోర్డులు, జాతీయ కార్యాచరణ ప్రణాళిక. మూడు శిక్షణ: హాలు కలెక్టరేట్‌ది వాడితే 1.20 లక్షల్లో సగం మిగులుతుంది.

మీటింగుకి పోయే ముందు ఇద్దరు స్టాకిస్టుల దగ్గర మూడు నెలల స్టేట్‌మెంట్ ఇన్‌స్పెక్టర్ గారి ద్వారా తెప్పించి, అయిదు షాపులకి చేత్తో లెక్కగట్టి జతచేయండి. షాపుల పేర్లు వద్దు, ఎ, బి, సి అని పెట్టండి. దానికి పైసా ఖర్చు లేదు, ఒక డజను కాగితాలు.


హంద్రీ ఒడ్డు (కర్నూలు)

సరే అన్నా. సోమవారం ఇన్‌స్పెక్టర్ గారిని కలుస్తున్నా. స్టేట్‌మెంట్ నమూనాలో బయటి రాష్ట్రం బిల్లులకి, క్రెడిట్ నోట్ నంబరుకి రెండు కాలాలు కలిపి ఇక్కడే పెడతా, చూసి తప్పులు చెప్పండి.